చివరి కిలోమీటరు లెక్క

2004 డిసెంబరు 26. ఆదివారం, మార్గశిర పౌర్ణమి. బందరు దగ్గర మంగినపూడి ఒడ్డుకు పొద్దున్నే జనం చేరారు. పౌర్ణమినాడు సముద్ర స్నానం చేస్తే పుణ్యమని చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు. అప్పటికే సుమత్రా ఉత్తర కొస నుంచి సముద్రం అడుగు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున కదిలిపోయింది. మన గడియారాల్లో అప్పుడు ఉదయం 6.29. అక్కడ పుట్టిన అల మన తీరాన్ని తాకింది తొమ్మిది గంటల ప్రాంతంలో. మధ్యలో రెండున్నర గంటల టైముంది. మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్న మనిషి ఒడ్డెక్కి, బట్టలు మార్చుకుని, బిడ్డను ఎత్తుకుని రెండు కిలోమీటర్లు లోపలికి నడవడానికి అందులో సగం చాలు. చెప్పేవాళ్లు లేకపోయారు. ఒక్క ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా ప్రాణాలు పోయాయి.

కబురు అసలు పుట్టలేదని కాదు. కార్ నికోబార్ వైమానిక స్థావరాన్ని అల ఊడ్చేసింది. సిబ్బంది, వాళ్ల కుటుంబాలు కలిపి అక్కడ వందమందికి పైగా పోయారు. దీవి మునుగుతోందన్న ఆఖరి కబురు చెన్నైకి అందింది, చెన్నై ఒడ్డుకు అల చేరకముందే. భూకంపం సంగతి మోసుకెళ్లిన ఫ్యాక్సు ఒకటి మాజీ మంత్రి ఇంటికి చేరిందని అప్పట్లో పత్రికలు రాశాయి. కబురు అందినవాళ్లకు దాన్ని బట్టి ఏ ఊరికి ఎప్పుడు ఎంత అల వస్తుందో లెక్కగట్టే సాధనం లేదు. లెక్క తెలిసినా దాన్ని ఒడ్డుదాకా మోసే ఏర్పాటు లేదు.

ఆ సాధనం ఇప్పుడు ఉంది. సముద్రానికి మూడొందల కిలోమీటర్ల ఇవతల, హైదరాబాద్ శివార్లలో, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉన్న దుండిగల్ నుంచి బాచుపల్లి మీదుగా కాసేపు ప్రయాణం చేస్తే వచ్చే ప్రగతినగర్‌లో ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అనే సంస్థ. 2007 అక్టోబరు 15న అక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేసియా కేంద్రాలతో కలిసి హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిటికీ హెచ్చరికలు పంపుతోంది. ఈ శివార్లలో అపార్టుమెంట్లు కొనుక్కున్న కోస్తా కుటుంబాలు చాలామందికి తమ పుట్టిన ఊరి ఒడ్డును కనిపెట్టుకుని ఉన్న కంప్యూటర్లు తమ వీధి చివరే ఉన్నాయని తెలియదు.

ఆ కంప్యూటర్లు చేసే పని రైతుకు చెబితే తేలిగ్గా పట్టుకుంటాడు. సముద్రాన్నంతా మడులుగా కడతారు. ప్రతి మడికీ లోతెంతో, ఆ క్షణాన నీటి మట్టం ఎంతో, నీరు ఏ పక్కకు ఎంత వేగంతో జరుగుతోందో రాసుకుంటారు. పక్క మడులను చూసి మరుక్షణం ఈ మడిలో ఎంత నీరుంటుందో కడతారు. ఇలా క్షణం వెంట క్షణం, లక్షల మడులకు. లోతును బట్టే అల పరుగు: నాలుగు వేల మీటర్ల లోతులో గంటకు ఏడొందల కిలోమీటర్లు దాటుతుంది, పది మీటర్ల లోతుకు వచ్చేసరికి ముప్ఫై ఆరుకు పడిపోతుంది. ముందు భాగం నెమ్మదిస్తే వెనక నీరంతా దాని మీదికి తోసుకొస్తుంది, అల లేస్తుంది. 2004లో జేసన్-1 ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా పోతూ నడి సముద్రంలో కొలిచిన ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లే. పడవలో ఉన్నవాడికి తెలియనైనా తెలియదు.

భూమి కదిలాక ఈ లెక్క మొదలెడితే ఆలస్యమవుతుంది. అందుకే ముందే చేసి పెట్టుకున్నారు. అండమాన్-సుమత్రా పొడవునా, అటు పాకిస్తాన్ తీరంలోని మక్రాన్ పొడవునా, సముద్రం అడుగును వంద కిలోమీటర్ల పొడవు, యాభై కిలోమీటర్ల వెడల్పు పలకలుగా విడదీసి, ఒక్కొక్కటి కదిలితే ఏమవుతుందో కట్టి భద్రపరిచారు. నిజంగా కంపం వస్తే ఆ తీరుకు సరిపోయే లెక్కల్ని బయటికి తీసి కలుపుతారు. పది నిమిషాల్లో మొదటి బులెటిన్ వెళ్లాలన్నది నియమం. రెండు మీటర్లు మించే చోట వార్నింగ్, అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా అలర్ట్, అంతకు తక్కువైతే వాచ్. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు చెన్నైలో జనం ఆఫీసుల నుంచి రోడ్ల మీదికి పరుగెత్తారు. మెయిన్‌లాండ్ తీరాన్ని ఖాళీ చేయించక్కర్లేదన్న ఇక్కడి అంచనాయే నిలబడింది. నేల పైకి లేవలేదు, పక్కకు జరిగింది. ఆ రోజు ఈ కేంద్రం చేసిన మేలు చిన్నది కాదు.

మరి భయం దేనికి? లెక్క గట్టిగా ఉన్నది నడి సముద్రంలో. ఒడ్డు దగ్గర, ఆఖరి కిలోమీటరులో, బలహీనంగా ఉంది.

లోతు నీళ్లలో వేర్వేరు పలకల లెక్కల్ని కూడితే మొత్తం వస్తుంది. లోతు తగ్గాక ఆ కూడిక పనికిరాదు. అక్కడ అల విరుగుతుంది, అడుగుకు రాసుకుంటుంది, ఉప్పుటేరులోకి దూరుతుంది, రోడ్డు గట్టుకు తగిలి పక్క ఊరి మీదికి మళ్లుతుంది. నడి సముద్రంలో కిలోమీటర్ల మడులు సరిపోతాయి. ఊళ్లో నీరు ఎంతదూరం వస్తుందో చెప్పాలంటే మడి పదుల మీటర్లకు రావాలి. అంత సన్నగా కట్టాలంటే కంప్యూటరు శక్తి ఒక్కటే చాలదు. ఇసుక దిబ్బ ఎక్కడుందో, దాని ఎత్తెంతో, ఏటి ముఖద్వారం ఈ ఏడు ఎక్కడ తెగిందో కొలిచి ఇచ్చేవాళ్లు కావాలి.

ఆ ఒడ్డును మనం ఆగకుండా మార్చేస్తున్నాం. బళ్లో 974 కిలోమీటర్లని చదువుకున్న ఆంధ్ర తీరం కొత్త కొలతల్లో 1,053 అయింది. కొలత తీరు మారిందనే అనుకుందాం; ఒడ్డు కూడా మారుతూనే ఉంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం వీధుల్నే మింగుతోంది. గోడ కట్టిన చోట ఆగి, లేని చోట కోస్తోంది. కాకినాడను కాచే హోప్ ఐలాండ్ గోదావరి ఇసుకతో పెరిగిన దిబ్బ. ఆనకట్టల వెనక మట్టి ఆగిపోతుంటే దాన్ని పోషించే ఇసుక తగ్గుతోంది. కృష్ణా, గోదావరి లంకల దిగువన మడ అడవిని కొట్టి రొయ్యల చెరువులు తవ్వారు. ఆ చెరువు గట్లు అలను ఒక చోట ఆపవచ్చు, మరో చోట కాలువలా ఊళ్లోకి నడిపించవచ్చు. ఎక్కడ ఏది జరుగుతుందో చెప్పాలంటే ఆ గట్టు లెక్కలో ఉండాలి. పదేళ్ల కిందటి ఎత్తుల పటం మీద నడిచే లెక్క, అక్కడ ఇప్పుడు లేని దిబ్బను నమ్ముకుని ఊరు క్షేమమని చెబుతుంది. దిబ్బను ట్రాక్టర్లకు ఎత్తి పంపినవాళ్లు ఆ సంగతి ప్రగతినగర్‌కు రాసి పంపరు.

లెక్క తప్పితే ఒక ప్రమాదం. లెక్క చెప్పింది వినకపోతే మరొకటి. జపాన్ రెండూ చూసింది. 2011 మార్చి 11న మొదటి నిమిషాల్లో భూకంప తీవ్రతను 7.9గా కట్టి మూడు నుంచి ఆరు మీటర్ల అలలని చెప్పారు. నిజానికి తీవ్రత 9. అంకె చిన్నదిగా వినబడి ఇళ్లలోనే ఉండిపోయినవాళ్లున్నారు. ఫుకుషిమా అణు కేంద్రం సంగతి ఇంకా బాధాకరం. ఆ కేంద్రాన్ని 5.7 మీటర్ల అలను దృష్టిలో పెట్టుకుని కాచారు. 2008లోనే, పాత భూకంపం లాంటిది ఒకటి ఆ తీరంలో వస్తే అల ఎంత ఎత్తు వస్తుందని ఆ కేంద్రాన్ని నడిపే కంపెనీయే కంప్యూటరు మీద కట్టించుకుంది. 15.7 మీటర్లని వచ్చింది. ఇంకా పరిశీలిద్దామని పక్కన పెట్టారు. మూడేళ్లకు వచ్చిన నీరు దాదాపు అంత ఎత్తే వచ్చింది.

లెక్కకు అసలు అందనివీ ఉన్నాయి. 2018 సెప్టెంబరులో ఇండోనేసియాలోని పాలు నగరం దగ్గర భూకంపం వెంటే అఖాతం లోపల మట్టి కూడా జారి నిమిషాల్లో అల వచ్చింది. అదే ఏడు డిసెంబరులో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం పక్క విరిగి సముద్రంలో పడితే, భూకంపమే లేదు కనుక హెచ్చరికా లేదు. కృష్ణా, గోదావరి వేల ఏళ్లుగా మేట వేసిన మెత్తటి మట్టి వాలు మన తీరం ముందూ ఉంది. భూకంపాల జాబితాను మాత్రమే చూసుకుంటూ కూర్చునే వీలు మనకు లేదు.

ఇక రెండో చివరి కిలోమీటరు, మాట నడవాల్సింది. తెలుగు తీరానికి ఉప్పెన తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన జ్ఞాపకం మీదే మన షెల్టర్లు, మైకులు, తరలింపు అలవాట్లు అన్నీ పుట్టాయి. అవి తుపానుకు బాగా పనిచేస్తున్నాయి. కానీ తుపాను రోజుల ముందు చెప్పి వస్తుంది, ఆకాశం కూడా చెబుతుంది. సునామీ నీలాకాశం కింద, పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్న వేళ రావచ్చు. తుపాను వస్తోందంటే వేటకు వెళ్లిన పడవల్ని ఒడ్డుకు రమ్మంటాం. సునామీకి ఆ మాటే ప్రాణం తీస్తుంది. లోతు నీళ్లలో ఉన్న పడవ అక్కడే ఉండాలి. ఒడ్డున ఉన్నవాడు పడవనూ వలనూ వదిలి లోపలికి పోవాలి. మొదటి అల తగ్గిందని వలల కోసం వెనక్కి వస్తే రెండో అలో మూడో అలో అంతకంటే పెద్దదై వస్తుంది. ఈ తేడా పల్లెపాలెంలో వైర్‌లెస్ సెట్టు పట్టుకున్న కుర్రాడికి తెలుసా? ఇన్‌కాయిస్ నుంచి రాష్ట్రానికి, అక్కణ్నుంచి కలెక్టరుకు, తహసీల్దారుకు బులెటిన్ దిగొస్తుంది. ఆ ఇంగ్లీషు బులెటిన్‌లోని అలర్ట్, వార్నింగ్ అన్న రెండు మాటల మధ్య తేడాను, ఆదివారం ఉదయం డ్యూటీలో ఉన్న ఉద్యోగి జాలరికి ఏ తెలుగులో చెబుతాడు?

చేసి చూపించినవాళ్లున్నారు. 2020లో యునెస్కో సముద్ర విభాగం సునామీకి సిద్ధమైన ఊళ్లుగా హిందూ మహాసముద్ర తీరంలో మొదట గుర్తించింది ఒడిశాలోని వెంకట్రాయిపురం, నోలియాసాహి. ఒడిశా తీరంలో తెలుగు జాలర్లనే నోలియాలంటారు. పన్నెండు షరతులున్నాయి దానికి: నీరు ఎంతదాకా వస్తుందో మ్యాపు, పారిపోయే దారి చూపే బోర్డులు, రాత్రయినా పగలయినా హెచ్చరిక అందే ఏర్పాటు, ఏటేటా డ్రిల్లు, అలాంటివి. 2024లో ఆ రాష్ట్రం మరో 24 ఊళ్లకు ఆ గుర్తింపు తెచ్చుకుంది. మొత్తం 26.

ఒడిశాలోని గంజాం జిల్లా దాటితే ఆంధ్రలోని ఇచ్ఛాపురం. సోంపేట, భీమిలి, ఉప్పాడ, అంతర్వేది, మంగినపూడి, వాడరేవు, కృష్ణపట్నం, అన్నీ అదే సముద్రం ఒడ్డున ఉన్నవే. ఆంధ్ర ప్రభుత్వం ప్రతి వర్షాకాలం తర్వాత ఒడ్డును, ఒడ్డు దగ్గరి లోతుల్ని కొత్తగా కొలిపించి ప్రగతినగర్‌కు అందించాలి. దిబ్బ తవ్వకానికి, తీరాన గట్టు కట్టడానికి, రేవు విస్తరణకు అనుమతి ఇచ్చేముందు ఆ మార్పుతో నీరు ఏ ఊరి మీదికి మళ్లుతుందో మోడల్ మీద చూడాలి, ఆ ఫలితాన్ని ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించాలి. ముంపు మ్యాపు తెలుగు అక్షరాలతో ఊరి సచివాలయం గోడకు ఎక్కాలి. పౌర్ణమికి, కార్తీక సోమవారాలకు, మాఘ స్నానాలకు వేలమంది చేరే రేవుల్లో మైకు పట్టుకునే మనిషెవరో, అతను ఏ మాట చెప్పాలో ముందే రాసి ఉండాలి. వచ్చే మార్గశిర పౌర్ణమికి మంగినపూడిలో ఆ మనిషి ఉండాలి.