అస్త్రోపసంహారం

మా అన్నయ్య కూతురు సంక్రాంతికి అమెరికానుంచి వచ్చింది. భోగిమంటలో పిడకల దండ వేస్తూ, ఉన్నట్టుండి, "బాబాయ్, నీ దగ్గర బొగ్గు కంపెనీ షేర్లున్నాయటగా?" అంది. గుట్టు బయటపెట్టినది మా ఆవిడేనని వేరే చెప్పనక్కర లేదు.

ఉన్నమాట నిజమే. 2010లో ప్రభుత్వంవారు కోల్ ఇండియా వాటాలు జనానికి అమ్మినప్పుడు, చంటిదైన మా అమ్మాయి పైచదువు కోసమని కొన్ని కొన్నాను. డివిడెండు వస్తూనే వుంది. అందులో తప్పేమిటో నాకు తోచలేదు.

అప్పుడా పిల్ల తాను కళ్ళారా చూసినది చెప్పింది. హార్వర్డ్, యేల్ విశ్వవిద్యాలయాలు యేటా ఫుట్‌బాల్ పోటీ ఆడతాయి. (ఆ దేశంలో దాన్ని కాలితో కంటె చేత్తోనే ఎక్కువ ఆడతారట!) 2019 నవంబరులో న్యూహేవెన్‌లో ఆట సగమయ్యేసరికి, ఉభయపక్షాల విద్యార్థులూ కలిసి మైదానం నడుమ బైఠాయించారు. మా విద్యాలయాల నిధులు బొగ్గు, చమురు కంపెనీలలోంచి తీసెయ్యండి అని వాళ్ళ కోరిక. పోలీసులు పలువురిని పట్టుకుపోయారు. ఆట చాలాసేపు ఆగిపోయింది.

ఇది ఒక్కరోజు ఆవేశం కాదు. 2011లో పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ అనే చిన్న కాలేజీ పిల్లలు, బొగ్గు కోసం కొండల తలలు ఎగరగొడుతున్న తీరుకు మనసు కలత చెంది, ఈ ఉద్యమం లేవదీశారు. 2012లో హార్వర్డ్ విద్యార్థులు వోట్లు వేసుకుంటే నూటికి 72 మంది ఔనన్నారు. నిధి వున్నది చదువుకోసం, రాజకీయాలకోసం కాదని మరుసటి యేడు అధ్యక్షురాలు త్రోసిపుచ్చారు. పిల్లలు వదల్లేదు. ఒక జట్టు పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతే తరువాతి జట్టు అందుకుంది. చివరకు 2021లో, 4 వేల కోట్ల డాలర్లు దాటిన నిధిగల ఆ విద్యాలయం దిగివచ్చింది. తొమ్మిదేళ్ళు! మా కాలేజీలో నల్లబల్ల మార్పించడానికే నాలుగేళ్ళు పట్టింది గనుక నాకిది ఆలస్యమనిపించలేదు.

మా ఆవిడ ఊరుకోలేదు. "మీరమ్మితే ఇంకొకడు కొంటాడు. పొగ తగ్గుతుందా?" అంది. అక్షరాలా నా మనసులోని ప్రశ్నే.

"తగ్గదు పిన్నీ. కంపెనీ మూతపడుతుందని మేమెవరం అనుకోలేదు. పదిమంది పెద్దలు 'ఆ లాభం మాకొద్దు' అంటే వాళ్ళ పరువు తగ్గుతుంది. పరువు తగ్గినవాడి మాట చట్టసభలో చెల్లదు. కిరసనాయిలుతో కుబేరుడైన రాక్‌ఫెల్లర్ వారసుల ధర్మనిధే 2014లో ఈ మాట అంది," అంది పిల్ల.

పత్రికలవారు దీనిని 'పెట్టుబడుల ఉపసంహరణ' అంటున్నారు. ఆ మాట వింటే నాబోటి తెలుగు పంతులికి సౌప్తికపర్వమే గుర్తొస్తుంది. వ్యాసనారదులు అడ్డుపడితే అర్జునుడు అస్త్రాన్ని మరలించుకున్నాడు. అశ్వత్థామకు వెయ్యడమే గాని తియ్యడం చేతకాలేదు. గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువులో కొంత వందల యేళ్ళు నిలుస్తుందట. దాన్ని ఏ మంత్రంతో పిలుస్తాం? డబ్బయితే పిలిస్తే వస్తుంది.

అయినా నాకు సందేహాలు లేకపోలేదు. మా యింట్లో తిరిగే ఫంకా బొగ్గు కరెంటుతోనే తిరుగుతోంది. వాటా అమ్మి, ఫంకా కింద కూర్చుని కనుమనాటి గారెలు తింటే అది వైరాగ్యమా? అలాగని ఫంకా ఆపలేను. ఆపగలిగినది ఒక్క డివిడెండే. అదీ నాది కాదు, ఇంటరు చదువుతున్న మా అమ్మాయిది. దాన్నే అడిగాను. "అమ్మెయ్యి నాన్నా, బ్యాంకులో వేసుకుందాం," అంది తల ఎత్తకుండానే. ఆ బ్యాంకు ఎవరికి అప్పిస్తుందోనన్న అనుమానం మాత్రం నాలోనే వుంచుకున్నాను.

పండుగ వెళ్ళాక బ్రోకరుకు ఫోను చేశాను.

"అమ్మాయి కాలేజీ ఫీజుకా మాష్టారూ?" అన్నాడాయన.

"ఒక రకంగా అంతేనండి," అన్నాను.