ఉమ్మడి దుడ్డుతో నలభై వేల గాలాలు ఎందుకు?

ఉగాది మరుసటి రోజు వర్షతొడకు భోజనాల దగ్గర మన ఇంట్లో ఒక మాట లేచింది. అందరూ తల ఊపినారు. నేనొక్కడినే వద్దన్నాను. ఆ గలాటాలో నా మాట పూర్తిగా ఎవరూ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. దసరాకు మళ్ళీ అందరం గూళూరులో కలుస్తాము, తీర్మానం అప్పుడే. అంతలోపల చదవండి. కోపం వస్తే రానీండి.

మాట ఏమిటంటే, మన జేజినాయనకు గాలమంటే ప్రాణం కదా, ఆయన గుర్తుగా ఉమ్మడి దుడ్డులోంచి రెండు మేలు రకం ఫిషింగ్ రాడ్లు, రెండు రీళ్ళు కొని గూళూరు ఇంట్లో పెట్టాలని. మా అన్న కొడుకు లెక్క కూడా చెప్పినాడు. కార్బన్ ఫైబర్ రాడ్డు 16 వేలు, జపాన్ రీలు 24 వేలు. జత 40 వేలు, రెండు జతలు 80 వేలు. ఉమ్మడిలో ఉండేది లక్షా పది వేలు. అదీ ఏడాదికి రెండు మార్లు అందరూ ఊరికి రావడానికి, ఇంటి పైకప్పుకు, వంటలకు అని వేసుకున్న దుడ్డు.

నేను ఖరీదైన సామానుకు శత్రువును కాను. షిమానో కంపెనీ 1921లో జపాన్‌లోని సకాయ్ ఊర్లో సైకిల్ ఫ్రీవీల్ చేస్తూ మొదలై, తరువాత రీళ్ళకు వచ్చింది. వాళ్ళ పనితనం గొప్పదే. అమెరికాలో 800 డాలర్లు దాటే రీళ్ళు కూడా అమ్ముతారు, కొనే వాళ్ళు కొంటారు. సముద్రంలో పడవ మీద పెద్ద చేపతో అర గంట పెనుగులాడే వాడికి మంచి రీలు కావాల్సిందే. మా అన్న కొడుకు ఆదివారమైతే బెంగళూరు చుట్టుపక్కల దుడ్డు కట్టి పట్టే కుంటలకు పోతాడు, బొమ్మ ఎరలు కట్టి పొద్దున నుండి సాయంత్రం దాకా వందల మార్లు విసురుతాడు. వాడికి రాడ్డు వంద గ్రాములు తేలికైతే మణికట్టు బతుకుతుంది. వాడి సంపాదనతో వాడు కొనుక్కున్నాడు, సంతోషం. కానీ అదే సామాను మన ఊరి చెరువు గట్టుకు, మనందరి దుడ్డుతో ఎందుకని నా ప్రశ్న.

మొదట లెక్క చూడండి. మనం ఏడాదికి రెండు మార్లు కలుస్తాము. కలిసినప్పుడు రెండేసి రోజులు గాలం వేస్తామనుకుందాం, ఏడాదికి నాలుగు రోజులు. అదీ చెరువులో నీళ్ళుంటే. మన దిక్కు సంగతి నేను చెప్పాలా? చిత్రావతి, పాపాగ్ని రెండూ నంది కొండల దిక్కు పుట్టినా, ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ మనకు లేదు. వాన పడితేనే చెరువు. 2021 నవంబరు వానలకు కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో ఎండి పడున్న చెరువులు మొరవ పోయినాయి, పెద్దోళ్ళు కూడా కట్ట మీదికి వచ్చి చూసినారు. ఒక మొరవ పోవడం పండగయిందంటేనే మన కరువు ఎంతో తెలుస్తుంది. నా లెక్కలో గడిచిన పదేండ్లలో గాలం వేసేంత నీళ్ళు నిలబడినవి నాలుగేండ్లు. నాలుగేండ్లు, నాలుగేసి రోజులు, మొత్తం పదహారు రోజులు. 80 వేలను పదహారుతో భాగిస్తే రోజుకు 5 వేలు. ఆ దుడ్డుకు సంతలో చేపలు కొంటే ఊరందరికీ పులుసు పోయవచ్చు.

"చిన్నాయనా, ఇది చేపల కోసం కాదు, సరదా కోసం" అన్నాడు మా వాడు. సరే, సరదా మాటకే వస్తాను. దానికి ముందు, ఈ ఖరీదు దేనికి పోతుందో చూద్దాం.

రీలు ధర పెరిగేకొద్దీ ఇచ్చేది మూడు: బేరింగులు, మెత్తటి డ్రాగ్, తేలిక. డ్రాగ్ అంటే రీలు లోపలి బిళ్ళల పట్టు. చేప గుంజినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా వదులుతుంది. దారం ఓపే బరువులో నాలుగో వంతుకో మూడో వంతుకో దాన్ని బిగించుకుంటారు. ఆరు కిలోలు ఓపే దారమైతే కిలోన్నర నుండి రెండు కిలోలు. మన చెరువులో గాలానికి పడేది ఏమి? అర కిలో జిలేబి, కిలో రెండు కిలోల కట్లో రోహో, గడ్డి పక్కన దొరికితే ఒక కొర్రమీను. వీటికి 2 వేల రూపాయల రీలు డ్రాగే సరిపోతుంది. బేరింగులు పదా మూడా అనేది అట్టపెట్టె మీద చదవడానికి బాగుంటుంది. వాటి నాణ్యం ముఖ్యం గానీ సంఖ్య కాదు.

"దూరం పడుతుంది" అని ఇంకో మాట. దూరం ఎవరికి కావాలప్పా? తెల్లారుజామున చేప తూము దగ్గర, మొరవ కింద గుంటలో, తుంగ అంచున తిరుగుతాది. కట్ట మీద నిలబడి చెరువు నడిమికి విసిరేవాడు చేపను దాటించి విసురుతాండాడు. అయినా దూరం పోవాలంటే దారం సన్నగా ఉండాలి, రీలు నిండా చుట్టి ఉండాలి, సీసం గుండు బరువు సరిపోవాలి. ఈ మూడూ కలిపి ఐదారు వందల పని.

చేప నోటికి తగిలేది రాడ్డు కాదు, గాలపు ముల్లు. ముల్లు మొద్దుగా ఉంటే లక్ష రూపాయల రాడ్డు పట్టుకున్నా ఉత్త చెయ్యే. దుడ్డు పెట్టాల్సింది చేపకు దగ్గరగా ఉండే వస్తువులకు: ముల్లు, దారం, ఎర. ఎండకు నిలిచిన నైలాన్ దారం పెళుసవుతుంది, దాన్ని ఏడాదికొకసారి మార్చాలి. మనలో ఎంతమంది మార్చినారు?

పెద్ద చేపల కథ ఒకటి చెప్తాను. 1946లో కబిని నదిలో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ అనే ఆయన 120 పౌండ్ల మహసీర్ చేపను గాలంతో పట్టినాడు. అంటే 54 కిలోలు, మూపురం మహసీర్‌లో ఇప్పటికీ చెప్పుకునే లెక్క అదే. కార్బన్ రాడ్లు అంగళ్ళకు వచ్చింది 1970లలో. అంటే అంత పెద్ద చేప కార్బన్ అనే మాటే లేని కాలంలో గట్టుకొచ్చింది. కావేరిలో భీమేశ్వరి, గాలిబోరె దిక్కు మహసీర్‌కు పేరుపడిన ఎర ఏమో తెలుసా? రాగి పిండి ముద్ద. దేశదేశాల నుండి ఖరీదైన రీళ్ళు తెచ్చుకున్న దొరలు కూడా చివరికి ముల్లుకు గుచ్చింది మన అవ్వ గెలికిన సంగటి లాంటిదే. ఈ పొద్దు ఆ మూపురం మహసీర్ అంతరించే అంచుకు వచ్చిన చేపల జాబితాలో ఉంది. రాడ్లు మెరుగైనాయి, చేప తరిగిపోయింది.

పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో గాలపు వేట మీద మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. ఏ చేప యాడ ఉంటుంది, దానికి ఏ మేత వేయాలి అనే వివరం అందులో ఉంది. రాజుకు దుడ్డుకు కొదవా? అయినా ఆయన చేపను గురించి తెలుసుకోవడానికే అంత చోటిచ్చినాడు.

"మంచిది కొంటే తరతరాలు ఉంటుంది" అన్న మా వదిన మాటకు కూడా జవాబు చెప్పాలి. కార్బన్ రాడ్డు తేలిక, బిగువు ఎక్కువ, కొన మీద చేప ముక్కు తగిలినా చేతికి తెలుస్తుంది. నిజమే వదినా. కానీ అది పెళుసు. తలుపు సందులో పడితే కొన ఠక్కున పోతుంది. ఫైబర్ గ్లాస్ రాడ్డు బరువే గానీ మొరటు చేతులకు ఓర్చుకుంటుంది. రీలును విప్పి, కడిగి, గ్రీజు పెట్టుకుంటూ ఉండాలి. గూళూరు ఇంట్లో ఏడాదిలో మూడొందల అరవై రోజులు మూలన పడుండే రీలుకు ఆ సేవ ఎవరు చేస్తారు? పాతబడినాక అమ్ముదామంటే మన పెద్దలు ఎప్పుడో చెప్పినారు, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని.

ఇంకొకటి, ఇది మాత్రం అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. చెరువు కట్ట కింద మోటార్లకు పోయే తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో మీకు తెలుసు. పదడుగుల రాడ్డు ఎత్తి వెనక్కి విసిరే పిల్లోడికి తీగ కనపడదు. మెరుపు వానలో అయితే ఇంకా ప్రమాదం. ఏ రాడ్డయినా తీగల కింద ఎత్తకూడదు, కార్బన్‌ది అసలే కూడదు.

అట్లని అయిదారు వందలకు వచ్చే బొమ్మ సెట్టు కొనమని నేను చెప్పను. అది నేనే కొని మోసపోయినాను. రెండో రోజే రీలు లోపల ప్లాస్టిక్ పళ్ళు అరిగినాయి, దారం పోయే రింగు ఊడి చెరువులో పడింది. చౌక పేరుతో దండగ కూడా దండగే. నడిమి దారి ఉంది: 2 వేల చుట్టుపక్కల గట్టి ఫైబర్ గ్లాస్ రాడ్డు, మామూలు స్పిన్నింగ్ రీలు.

ఇప్పుడు సరదా మాట. పోయిన సంక్రాంతికి మా వాడు తన సొంత రాడ్డు తెచ్చినాడు కదా. మా అక్క మనవడు, ఏడేండ్లోడు, ఆశగా రీలు పిడి తిప్పబోయినాడు. "ముట్టుకోవద్దురా, పాడైతాది" అని గదమాయించినారు. పిల్లోడు పోయి చింత చెట్టు కింద ఫోను పట్టుకొని కూర్చున్నాడు. ఎర్రలు తవ్వి తెచ్చిన పక్కింటి అబ్బాయి, చేప యాడుందో వేలు పెట్టి చూపించినవాడు, వాడికి కూడా ఒక్కసారి చేతికి ఇవ్వలేదు. నేను మా వాడిని తప్పుపట్టను. 40 వేలు చేతిలో ఉంటే ఎవరికైనా ఆ భయమే ఉంటుంది. ఖరీదుతో పాటు ఆ భయం కూడా ఇంటికొస్తుంది.

జేజినాయన గాలం గుర్తుందా? వెదురు కర్ర, దారం, నెమలి ఈక కాడతో బెండు. ఈక లేకుంటే జొన్న బెండు. గట్టు మీద ఎవరి పిల్లోడు కూర్చున్నా కర్ర వాడి చేతికిచ్చి, తాను బీడీ ముట్టించుకునేవాడు. "బెండు వణికితే కదలొద్దు, మునిగితే లాగు." నాకు ఓపిక నేర్పింది ఆ మాటే. నీరుగంటి వచ్చి తూము తీసే రోజు ముందే చెప్పి పోయేవాడు, ఎందుకంటే జేజినాయనతో కూర్చొని మాట్లాడే అలవాటు ఆయనకు. మన పిల్లలు బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. బెండు, ఎర, తూము, మొరవ అనే మాటలు వాళ్ళకు గట్టు మీదనే రావాలి. రెండే రాడ్లుంటే ఇద్దరు పట్టుకుంటారు, ఇరవై మంది చూస్తారు.

కాబట్టి నా మాట ఇది. ఎనిమిది మామూలు సెట్లు, తలా 2 వేలు, 16 వేలు. ముళ్ళు, దారం, గుండ్లు, పిల్లలకు నాలుగు వెదురు కర్రలు, ఇంకో 3 వేలు. మొత్తం 19 వేలు. మిగిలిన 61 వేలు ఉమ్మడిలోనే ఉండనీ. చెరువు చేపల గుత్త తీసుకున్న వాళ్ళను ముందుగా అడిగి, వాళ్ళు చెప్పిన దుడ్డు కట్టి గాలం వేద్దాం. వాళ్ళు పిల్లలు వదిలి పెంచిన చేపలవి, మన సరదా వాళ్ళ కడుపు మీద పడకూడదు. నీళ్ళు లేని ఏడు రాడ్లు అటక మీద ఉంటే ఉండనీ, 19 వేలే కాబట్టి బాధ ఉండదు.

ఖరీదు రాడ్డు కావాలనుకునే వాళ్ళు సొంతంగా కొనుక్కోండి, నేను వచ్చి మెచ్చుకుంటాను. జేజినాయన పేరు మాత్రం దాని మీద వేయొద్దు. ఆయన తన గాలాన్ని ఎవరినీ ముట్టుకోవద్దనలేదు.