వంటశాల: కొలతలు హెచ్చించునపుడు

ఆరుగురికి చక్కగా కుదిరిన వంటకము 50 మందికి చేసినపు డేల చెడునని సోదరీమణులు పలువురు మమ్మడుగుచుందురు. దీనికి సమాధానము మాకు మా యింటి పొయ్యిమీదనే దొరకినది.

నాంపల్లిలోని మా యింట ఆడపడుచు నిశ్చితార్థమునకు 50 మంది భోజనమునకు రావలసియుండెను. హైదరాబాదు విందునకు ఖుబానీ కా మీఠా లేకున్న వెలితియే గదా యని, అబిడ్సునకును నాంపల్లికిని చేరువనున్న మొజంజాహీ మార్కెట్టునకు బోయితిమి. 1935లో కట్టబడిన ఆ రాతి మార్కెట్టులో 2 కిలోల యెండు ఖుబానీలు కొంటిమి. ఆ నెల చేతిఖర్చంతయు దానికే చెల్లినది.

మాకు వాడుకైన కొలత యిది: ఖుబానీలు 250 గ్రాములు, నీరు ముప్పాతిక లీటరు, చక్కెర 150 గ్రాములు. పండ్లను రాత్రి నానవేసి, గింజలు తీసి, ఆ నీటిలోనే సన్నని సెగపై మెత్తబడువరకు ఉడికించి, పిదప చక్కెర వేయుదుము. ఆనాడు అన్నిటిని 8 చేత హెచ్చించి, 6 లీటర్ల నీటితో లోతైన గుండిగలో పెట్టితిమి. ఎంతసేపటికిని చిక్కబడలేదు. తొందరపడి మంట పెంచితిమి, అడుగంటినది.

అంతట పొరుగింటి పెద్దమ్మగారు వచ్చి, అడుగు గీకనీయక, పైభాగమును మెల్లగా వేరొక గిన్నెలోనికి వంపించిరి. "అమ్మాయీ! పండ్లకు చెల్లిన లెక్క ఆవిరికి చెల్లదమ్మా" అనిరి.

ఆ మాటలోని మర్మ మాలోచింపుడు. గిన్నె పొడవు, వెడల్పు, లోతు రెండింతలైనచో అందు 8 రెట్లు పట్టును. మూతి మాత్రము 4 రెట్లే యగును. ఆవిరి పోవునది మూతినుండియే గనుక లీటరొకింటికి ఇంకు నీరు ఇంచుమించు సగమే. చిక్కని పదార్థములో వేడి పైకెక్కుటయు ఆలస్యమగును. ఈలోపల అడుగు మాడును.

కావున పండ్లను, చక్కెరను తూచియే హెచ్చింపుడు. చక్కెరలో పావువంతు మాత్రము తుది రుచికి నిలుపుకొనుడు. 2 కిలోల పండ్లకు మొదట నాలుగున్నర లీటర్ల నీరు చాలును. కాగిన నీటిని ప్రక్కన ఉంచుకొని కావలసినపుడు చేర్చుకొనవచ్చును. ఒక లోతైన గుండిగకు బదులు వెడల్పైన గిన్నెలు రెండు మేలు. కాలమును గడియారము చూచి కాక పండు నొక్కి చూచి నిర్ణయింపుడు. ఏ వంటకమందైనను చిటికెడు, గుప్పెడు అను కొలతలను ముందు ఒకసారి తూచుకొనుడు. చేతిలోని చిన్న తప్పు 8 రెట్లయినచో చిన్నది కాదు. ఉప్పు కారములనుగూడ కొంత చేతనుంచుకొని, తుదకు రుచి చూచి కలుపుడు. కలిపినదానిని తీయు ఉపాయము లేదు గదా!

ఆ రాత్రి దక్కినది అతిథులకు సరిపోయినది. ఇంటి ఆడువారమైన మాకు మాత్రము మాడిన గుండిగ తోముటయే మిగిలినది. సోదరీమణుల కా పని తప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాసితిమి.