గ్యాస్ గీజర్ గోడకి అవతలే ఉండాలి

చలి మొదలవగానే గీజర్ల దుకాణాల్లో బేరమంతా లీటర్లు, స్టార్లు, వారంటీ చుట్టూ తిరుగుతుంది. ట్యాంకు లేని ఇన్‌స్టంట్ గీజర్ కొనేవాళ్లు వీటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అది ఏ గోడకి ఎక్కుతుందన్నది. కరెంటుదైతే బాత్‌రూంలో పెట్టుకోవచ్చు. గ్యాస్‌దైతే లోపల పెట్టనే కూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా, ఎంత ఖరీదైన మోడలైనా సరే.

లెక్క కష్టమైనదేం కాదు. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించే గీజర్ గంటకి దాదాపు కిలో ఎల్పీజీ మండిస్తుంది. కిలో గ్యాస్ పూర్తిగా మండడానికి 12 ఘనమీటర్లకి పైగా గాలి కావాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న మన అపార్ట్‌మెంట్ల బాత్‌రూంలో ఉండే గాలే 8 ఘనమీటర్లు. తలుపులు, వెంటిలేటరు బిగించుకుంటే పది నిమిషాల్లో అందులోని ఆక్సిజన్ పావు వంతు మంటకే పోతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. సిలిండర్ లీకైతే ముక్కు పసిగడుతుంది, ఎందుకంటే వాసన కోసమే అందులో ఒక రసాయనం కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తల తిరిగిందని అనిపించేసరికే కాళ్లలో సత్తువ పోయి, గడియ దాకా చెయ్యి వెళ్లకపోవచ్చు. ప్రాణం దక్కినవాళ్లలో కొందరికి స్నానాల గదిలోనే మూర్ఛ వస్తోందని గమనించిన మన దేశపు న్యూరాలజిస్టులు దానికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారు. ఫ్యాన్ గాలిని బయటికి తోయాలంటే అంత గాలీ ఎటునుంచో లోపలికి రావాలి. సందు లేకుండా బిగిసిన తలుపు దాన్ని రానివ్వదు. పైగా చలికాలంలో ఫ్యాన్ వేసుకుని ఎవరు స్నానం చేస్తారు? కొన్ని మోడళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్, ఇరవై నిమిషాలకి ఆరిపోయే ఏర్పాటు ఉంటాయి. ఉండాల్సినవే. కానీ సెన్సర్ పాడైపోవచ్చు. ఇక నలుగురు ఒకరి తర్వాత ఒకరు స్నానానికి దిగితే ఆ ఇరవై నిమిషాలు మళ్లీ మొదటినుంచీ మొదలవుతాయి, గదిలో గాలి మాత్రం పాతదే.

బలమైన అభ్యంతరం ఖర్చుది. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లు 20 డిగ్రీలు వేడెక్కడానికి అర యూనిట్‌కి కాస్త తక్కువ కరెంటు, లేదా 45 గ్రాముల గ్యాస్ పడుతుంది. సిలిండర్ రూ.900, యూనిట్ రూ.8 అనుకుంటే బకెట్టుకి గ్యాస్ మూడు రూపాయల లోపు, కరెంటు నాలుగు రూపాయల లోపు. మిగిలేది రూపాయి.

అయితే గ్యాస్ అసలు వద్దనడం నా ఉద్దేశం కాదు. 3 కిలోవాట్ల కరెంటు గీజర్ నీటిని 20 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి రెండు లీటర్లే ఇవ్వగలదు. బకెట్టు నిండడానికి పది నిమిషాలు ఆగగలిగే కోస్తా ఇళ్లకి అది చాలు. దానికి 16 ఆంపియర్ల ప్లగ్, విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. కుళాయి నీళ్లే గడ్డకట్టేట్టుండే లంబసింగి, ఆదిలాబాద్ చలిలో ఆ ధార చాలదు, అక్కడ గ్యాసే నయం. వాషింగ్ మెషీన్ పెట్టుకునే యుటిలిటీ బాల్కనీలో, వాన జల్లు పడని చోట, పొగ తిరిగి బాత్‌రూం వెంటిలేటర్‌లోకి దూరనంత ఎడంగా దాన్ని బిగించి, సీపీవీసీ పైపుతో వేడినీళ్లు లోపలికి తెచ్చుకోవాలి. మొదటి చెంబు చల్లగా వస్తుంది, అంతే. అద్దె ఇళ్లలో ఆ పైపు వేయించాల్సింది యజమాని. కొత్త ఇళ్లలోనైతే గోడలు చెక్కేటప్పుడే యుటిలిటీ నుంచి ఒక వేడినీళ్ల లైను బిల్డరు వేసి పెట్టాలి. ఫ్లాటు ధరలో అది లెక్కకొచ్చే మొత్తం కాదు.