గట్టు వేయుటకు ముందు నేలను కప్పవలెను

భూసంరక్షణ అనగానే మన గ్రామాలలో గట్టు పని గుర్తుకు వచ్చును. ఎన్ని మీటర్ల గట్టు వేసినారు, ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీసినారు అన్నదే లెక్క. టేపు పెట్టి కొలుచుటకు వీలైన పని కనుక బిల్లు కూడ దానికే అగును. గట్టు వద్దని నేను అనుట లేదు. కాని గట్టు పొలము చివర ఉండును. వాన చినుకు పొలము నడుమ పడును. ఆ నడుమ జరుగు నష్టమును కొలుచుటకే తన వయసులో మంచి భాగము వెచ్చించిన శాస్త్రజ్ఞుడు రతన్ లాల్ గారు. ఆయన పనిని మన రైతులు, గ్రామాధికారులు తెలిసికొనుట అవసరమని నా అభిప్రాయము.

లాల్ గారు 1944లో పశ్చిమ పంజాబులోని కర్యాల్ గ్రామమున జన్మించినారు. దేశ విభజన తరువాత వారి కుటుంబము కాందిశీకులుగా వచ్చి, నేటి హర్యానాలోని రాజౌంద్‌లో చిన్న కమతము చేసికొని బ్రతికినది. 1963లో లూధియానాలో వ్యవసాయ పట్టము, 1965లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఎం.ఎస్‌సి., 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందినారు. 1970లో నైజీరియా దేశమందలి ఇబడాన్‌లో అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో చేరి, 1987 వరకు అక్కడనే పనిచేసినారు. ఆ తరువాత ఒహాయో విశ్వవిద్యాలయమునకే ఆచార్యులుగా తిరిగి వెళ్లినారు. 2020లో ప్రపంచ ఆహార బహుమతి, 2021లో పద్మశ్రీ లభించినవి. పత్రికలు వ్రాసినది ఈ బహుమతులను గూర్చియే. మనకు పనికివచ్చునది ఇబడాన్‌లో చేసిన పని.

అక్కడ నూటికి 1, 5, 10, 15 వంతుల వాలు గల నేలలపై 25 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల మళ్లను ఏర్పరచినారు. ఒక మడిని బోడిగా ఉంచినారు. ఒకదానిలో దున్ని మొక్కజొన్న వేసినారు. ఒకదానిలో మొక్కజొన్న వేసి నేలపై గడ్డి పరచినారు. మరియొకదానిలో దున్నకయే పాత పంట మోళ్ల నడుమ విత్తినారు. వాన కురిసిన ప్రతిసారి మడి నుండి దిగివచ్చిన నీరెంతో, అందులోని మట్టి ఎంతో కొలిచినారు. వినుటకు ఇది గుమాస్తా పని వలె తోచును. కాని ఏండ్ల తరబడి కొలువగా తేలినది చిన్న సంగతి కాదు. హెక్టారుకు 4 నుండి 6 టన్నుల గడ్డి, అనగా ఎకరాకు రమారమి రెండు టన్నులు, పరచిన మడిలో వాలు నూటికి 15 ఉన్నను మట్టి కోత లెక్కలోనికి రానంత తగ్గినది. దున్నక మోళ్లు ఉంచిన మడి కూడ అట్లే నిలిచినది. బోడి నేలలో మాత్రము వాలు పెరిగిన కొలది కోత విపరీతమైనది.

దీనికి కారణము కంటికి కనిపించునదే. చినుకు బోడి నేలను కొట్టినప్పుడు మట్టి గడ్డ చిట్లును. ఆ సన్నని పొడి నేల రంధ్రములను మూసివేయును. పైన పెంకు కట్టును. పిదప ఎంత వాన పడినను లోనికి ఇంకదు, పైననే పారును. పారు నీరు మట్టిని మోసికొని గట్టు వద్దకు చేరును. అప్పటికి నష్టము సగము జరిగిపోయినట్లే.

ఇబడాన్ నేలలు శాస్త్రజ్ఞులు ఆల్ఫిసాల్ అని పిలుచు తరగతికి చెందినవి. మన తెలంగాణ చల్కాలు, రాయలసీమ ఎర్రనేలలు చాలవరకు ఆ తరగతివే. వానకు పెంకు కట్టు గుణము రెంటికిని ఉన్నది.

ఇంకొక ప్రయోగము మనకు మరింత దగ్గరది. అడవిని సాగులోనికి తెచ్చునప్పుడు ఏ పద్ధతిలో ఎంత మట్టి పోవునో లాల్ గారు చూచినారు. మనుషులు చేతితో నరికి, దున్నక విత్తిన భూమి నుండి హెక్టారుకు అర టన్ను లోపే మట్టి పోయినది. యంత్రముతో చెట్లను వేళ్లతో పెకలించి, ఆపై దున్నిన భూమి నుండి సుమారు 20 టన్నులు పోయినది. నేడు మన గ్రామాలలో జె.సి.బి. పిలిపించి ఎర్రనేలను చదును చేయించుట గొప్పగా చెప్పుకొనుచున్నారు. జానెడు మంచి మట్టిని పల్లమునకు నెట్టి, అడుగు మొరమును పైకి తెచ్చి, ఆపై ఎరువు బస్తాలు పెంచుచున్నారు. చదును చేయక తప్పనిచో పై మట్టిని ముందు ఒక ప్రక్కకు తీయించి, చదును అయిన పిదప తిరిగి పరపించవలెను. కిరాయి కొంత పెరుగును. పెరిగినను చేయదగిన పనియే.

ఇక రైతులు వేయు ప్రశ్న ఒకటి కలదు. గడ్డి నేలపై పరచినచో పశువు ఏమి తినును? ఇది న్యాయమైన ప్రశ్న. ఇబడాన్‌లో ఏడాదికి రెండు వాన కారులు, మనకు ఒకటే. వరిగడ్డి, జొన్నచొప్ప పశువుకు తీసి పొలమునకు పరచుమని నేను చెప్పను. పశువు తినని పత్తికట్టె, కందికట్టె, ముదిరిన మొక్కజొన్న మోడు మాటేమి? వీటికి ఏటా నిప్పు పెట్టుచున్నాము. గులాబీరంగు పురుగు భయముతో పత్తికట్టెను కాల్చుదురు. విచ్చని కాయలను ఏరి నాశనము చేసి, పంట కాగానే కట్టెను ష్రెడ్డరుతో ముక్కలు చేయించినచో అది నేలకు కప్పగును. గట్లపై గ్లైరిసిడియా నాటి ఏటా కొమ్మలు నరికి వేయవచ్చును.

దున్నని సేద్యమును మాత్రము కన్నుమూసికొని అనుకరింపరాదు. కప్పు లేకుండ దుక్కి మానినచో మన చల్కా నేల గట్టిపడి నీటిని మరింత పారించును. లాల్ గారి మళ్లలో ఫలితము వచ్చినది దుక్కి మానుట వలన మాత్రమే కాదు, మోళ్లు నిలుపుట వలన కూడ. ఈ రెండవ సగమును మరచి మొదటి సగమును ప్రచారము చేయువారు మన శాఖలోను ఉన్నారు. కృష్ణా, గోదావరి డెల్టా రైతులు వరి కోతకు ముందే మినుములు చల్లి, దుక్కి లేకుండ, వరి దుబ్బుల నడుమ పంట తీయుట చిరకాలముగా ఎరుగుదురు. వారికి ఈ సంగతి ఏ విశ్వవిద్యాలయమును నేర్పలేదు.

1982లో రోజర్ రెవెల్ అను ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు ఇబడాన్ వచ్చినప్పుడు, అడవి నరికిన నేలలో జీవపదార్థము తగ్గిపోవుటను గూర్చిన సంభాషణ జరిగినది. గాలిలోనికి పోయిన కర్బనమును తిరిగి నేలలోనికి చేర్చుట ఎట్లు అన్నది ఆ పిదప లాల్ గారి ముఖ్య పరిశోధన అయినది. ఆయన ప్రపంచ ఖ్యాతికి అదియే కారణము. అయినను దానికి పునాది, మడి చివర కొలిచిన ఆ బురద నీరే.

మన గ్రామాధికారులు అంత చేయనక్కరలేదు. తొలకరికి ముందు ఒకే వాలు గల పొలములో ప్రక్క ప్రక్కన రెండు చిన్న మళ్లు కట్టించి, ఒకదానిపై ముక్కలు చేసిన కట్టె పరపించి, రెండవదానిని బోడిగా వదలవలెను. పెద్దవాన పడిన రోజున రెంటి నుండి పారిన నీటిని రెండు గాజు సీసాలలో పట్టి, గ్రామ కార్యాలయములో బల్లపై ఉంచవలెను. అట్లే గట్టు పనుల రిజిస్టరులో మరొక గడి చేర్చి, పంట కోసిన పిదప నిప్పు పెట్టక కప్పు నిలిపిన భూమి ఎన్ని ఎకరములో ఏటా వ్రాయవలెనని శాఖవారికి నా సూచన.