ఇంజన్ దించే ముందు ఆయిల్ కొలవండి

కారు ఆయిల్ తాగుతోందని షెడ్డుకు తీసుకెళ్తే ఎక్కువగా వినపడే తీర్పు ఒక్కటే: ‘బోరు పోయింది, ఇంజన్ దించాల’. ఆ మాట కొన్నిసార్లు నిజమే అవుతుంది. అయితే ఏ కొలతా తీయకుండా చెప్పినప్పుడు అది ఊహే. ఊహ తప్పితే వేల రూపాయల ఖర్చు బండి యజమానిదే. ఎంత ఆయిల్ తగ్గుతోంది, ఎటు పోతోంది, ఎందుకు పోతోంది అనే మూడు ప్రశ్నలకు ఇదే వరసలో జవాబు రాకుండా ఇంజన్ మీద చేయి వేయకూడదు. పొడి బూడిద, సున్నపురాతి దుమ్ము కలిసిన గాలిలో బండ్లు తిరిగే మన ఎర్రగుంట్ల ప్రాంతంలో ఆ మూడో ప్రశ్నను అసలు వదలకూడదు.

కొలవడం కష్టమేమీ కాదు. వేడెక్కిన ఇంజన్‌ను చదునైన చోట ఆపి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచి చూడాలి. పై గీత దాకా ఆయిల్ నింపి, మీటరు రీడింగ్ రాసుకోవాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అదే చోట ఆపి, మళ్లీ పై గీత దాకా ఎంత పట్టిందో చూడాలి. వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా తగ్గినా ఫరవాలేదని కొన్ని కంపెనీల పుస్తకాలు అంటాయి. వారంటీ గొడవల్లో తమను తాము కాపాడుకోవడానికి పెట్టుకున్న హద్దుగానే నేను దాన్ని చూస్తాను. నాలుగు లీటర్లు పట్టే ఇంజన్‌కు పదివేల కిలోమీటర్లకోసారి సర్వీసు అయితే, ఆ లెక్కన సగం దారిలోపే ఆయిల్ అడుగంటుతుంది. అమెరికాలో 2007-09 నాటి నాలుగు సిలిండర్ల క్యామ్రీలు ఆయిల్ తాగుతున్నాయని ఫిర్యాదులు వచ్చినప్పుడు టయోటా మొదట చేయించింది కొలతే. 1,200 మైళ్లకు ఒక క్వార్ట్, అంటే లీటరుకు కాస్త తక్కువ, మించి తగ్గిందని తేలాకే పిస్టన్లు, రింగులు మార్చింది. డీజిల్ బండ్లలో ఇంకో మెలిక ఉంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగ ఫిల్టరు శుభ్రపడే సమయంలో కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గలేదంటే ఆయిల్ ఖర్చు కావడం లేదని నమ్మడానికి లేదు.

ఆయిల్ పోయే దారులు మూడు: బయటికి కారడం, లోపల కాలడం, ఎప్పుడైనా కూలెంట్‌లో కలవడం. కారడం పట్టుకోవడం సులువు. ఇంజన్ కడిగించి, కాసేపు తిప్పి, డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్టరు, పై మూత, గేర్‌బాక్సు దగ్గరి సీలు చూస్తే తెలుస్తుంది. కాలడం విషయంలోనే పొరపాట్లు ఎక్కువ. రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేయగానే నీలి పొగ వచ్చి ఆగిపోతే ముందు వాల్వ్ సీళ్లను అనుమానించాలి. బరువుతో ఎత్తెక్కేటప్పుడు ఆగకుండా వస్తే రింగుల వైపు చూడాలి. పొగే లేదు కాబట్టి కాలడం లేదంటారు కొందరు. సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్ పొగను చాలావరకు మింగేస్తుంది కాబట్టి ఆ వాదన నిలవదు. క్రాంక్‌కేసు ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ ఇరుక్కుపోయినా ఆయిల్ తగ్గుతుంది. ఆ చిన్న భాగాన్ని చూడకుండా ఇంజన్ దించడం అన్యాయం. కంప్రెషన్ పరీక్షకూ హద్దులున్నాయి. సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోశాక రీడింగ్ పెరిగితే తప్పు రింగులదో బోరుదో అనుకోవచ్చు. రీడింగ్ బాగుందని మాత్రం రింగులు క్షేమమనుకోకూడదు. అడుగున ఉండే ఆయిల్ రింగు మసి పట్టి బిగుసుకుపోయినా పై రెండు రింగులు కంప్రెషన్ నిలబెడుతూనే ఉంటాయి.

ఇక ఎందుకన్నది. ఎర్రగుంట్ల దగ్గరి కలమల్ల పేరు చెబితే క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల శాసనం గుర్తొస్తుంది. బండి నడిపేవాడికి గుర్తుండేది మాత్రం అక్కడి 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రపు బూడిద. దానికి ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు, పాలిష్ యూనిట్ల దుమ్ము తోడు. బొగ్గు బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. కంటికి కనపడనంత సన్నని ఆ రేణువులు గాలి ఫిల్టరు దాటితే రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య ఆయిల్ పొరలో చేరి ఉప్పుకాగితంలా రాస్తాయి. ఫిల్టరే లేక ఇలా జరగడం తక్కువ. దుమ్ము పట్టిన కాగితపు ఫిల్టరును కంప్రెసర్ గాలితో పదే పదే ఊదించి మళ్లీ బిగించడం, డబ్బా క్లిప్పు ఊడినా పట్టించుకోకపోవడం, రబ్బరు పైపు చీలిక చూడకపోవడం వల్లే ఎక్కువగా జరుగుతుంది. ఫిల్టరు దాటాక ఉండే పైపులో తెల్లగుడ్డతో తుడిస్తే దుమ్ము అంటుకుందా? అయితే కారణం దాదాపు దొరికినట్టే. లారీలకు టార్పాలిన్ కప్పించే బాధ్యత ఫ్యాక్టరీలది, అధికారులది. వాళ్లను నిలదీయాల్సిందే. అప్పటిదాకా ఫిల్టరు కాపాడుకోవడం మాత్రం మన చేతిలో పని.

ఇంత తతంగం ఎందుకు, చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోదా అని అడుగుతారు. అరిగిన పాత ఇంజన్‌లో దానివల్ల కొంత తగ్గుదల కనిపిస్తుంది, నిజమే. పల్చటి ఆయిల్‌కు తగ్గట్టు సన్నని దారులతో చేసిన కొత్త ఇంజన్లలో ఆ చిక్కటి ఆయిల్ స్టార్టింగ్‌లో పైదాకా ఆలస్యంగా చేరి అరుగుదల పెంచుతుంది. పోస్తూ పోతే చాలదా అన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. పదిహేనేళ్ల బండి వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు తాగితే పోస్తూ నడపడమే తెలివి. లీటరు తాగుతుంటే, కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ కన్వర్టర్‌ను చెడగొడుతుంది. దాని ధర చూశాక పోసిన ఆయిల్ చవక అనిపించదు. బాడుగ బండి వాళ్లు తమకు సమయం లేదంటారు. ప్రొద్దుటూరు నుంచి తిరుపతికి తిరిగే కారుకు వెయ్యి కిలోమీటర్లు కొద్ది రోజుల పని, అదీ బండి సంపాదిస్తుండగానే. ఇంజన్ దించితే మాత్రం బండి షెడ్డులోనే పడుంటుంది. అందుకే ఎస్టిమేట్ కాగితం మీద విడిభాగాల ధరల కంటే ముందు తగ్గిన ఆయిల్ లెక్క, కంప్రెషన్ రీడింగులు, పీసీవీ, ఫిల్టరు పైపు స్థితి రాసి ఉండాలని బండి యజమాని అడగాలి. చీలిన పైపు అలాగే వదిలేసి కొత్త రింగులు వేస్తే, ఆ రింగులు కూడా మొదటి రోజు నుంచే అదే దుమ్ము తింటాయి.