మెకాఫ్రీని అయినకాడికి అమ్మేసుకున్నారు

2022 అక్టోబర్ 20 రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కరోలినా పాంథర్స్ చేసిన బేరం తప్పు. ఆ రాత్రే తప్పు, తర్వాత జరిగినవన్నీ చూశాక మరీ తప్పు. క్రిస్టియన్ మెకాఫ్రీ అనే రన్నింగ్ బ్యాక్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కి అప్పగించి, బదులుగా నాలుగు డ్రాఫ్ట్ పిక్‌లు పుచ్చుకున్నారు. 2023కి రెండు, మూడు, నాలుగు రౌండ్లవి, 2024కి ఐదో రౌండ్‌ది. మొదటి రౌండ్ పిక్ ఒక్కటంటే ఒక్కటి లేదు. డ్రాఫ్ట్ పిక్ అంటే ఆటగాడు కాదు. కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లలో ఒకణ్ని తమ వంతు వచ్చినప్పుడు ఎంచుకునే హక్కు, అంతే. ఎంచుకోవడం చేతకానివాళ్లకు ఆ హక్కు ఎన్నిసార్లు వచ్చినా ఒరిగేదేమీ లేదు.

ముందు ఆయన కరోలినాకి ఏం చేశాడో చూడండి. 2017లో స్టాన్‌ఫర్డ్ నుంచి ఎనిమిదో పిక్‌గా వచ్చాడు. 2019లో బంతి పట్టుకుని పరిగెత్తి 1,387 గజాలు, పాస్‌లు అందుకుని 1,005 గజాలు సాధించాడు. ఒకే సీజన్‌లో రెండు వైపులా వెయ్యి దాటినవాళ్లు అంతకుముందు లీగ్ చరిత్రలో ఇద్దరే: 1985లో రోజర్ క్రెయిగ్, 1999లో మార్షల్ ఫాక్. ఆ ఏడాది 16 ఆటల్లో 403 సార్లు బంతి ఆయన చేతికిచ్చారు. ఆటకి పాతిక సార్లు! ప్రతిసారీ నూట పాతిక కిలోలవాళ్లు మీద పడతారు. అంత చేసినా ఆ జట్టు గెలిచింది అయిదు ఆటలే, ఎందుకంటే మిగతా జట్టు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది 2020లో నాలుగేళ్లకు 64 మిలియన్ డాలర్ల ఒప్పందం రాసిచ్చారు. ఆ పైన ఒళ్లు మొరాయించింది. రెండు సీజన్లలో 33 ఆటలకు గాను పదే ఆడగలిగాడు. అంతే, ‘ఇతను ఒళ్లు నిలవనివాడు’ అని ముద్ర వేసేశారు. పిండి పిప్పి చేసిందీ వీళ్లే, పిప్పి అయ్యాడని వంక పెట్టిందీ వీళ్లే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఇక డబ్బు సంగతి. 2022లో ఆయనకివ్వాల్సిన సొమ్ములో చాలా భాగం కరోలినా ముందే బోనస్ రూపంలో చెల్లించేసింది. ఆ సీజన్ మిగిలిన కాలానికి ఫార్టీనైనర్స్ ఇవ్వాల్సి వచ్చింది ఏడు లక్షల డాలర్ల లోపే. మరుసటి ఏడాది కరోలినా జీతాల లెక్కలో, జట్టులోనే లేని మెకాఫ్రీ పేరు మీద 18 మిలియన్లకు పైగా నిలిచిపోయింది. ఆటగాడు వాళ్లకి, పద్దు వీళ్లకి.

బేరం కుదిరిన పదో రోజు, అక్టోబర్ 30న, లాస్ ఏంజెలెస్‌లో రామ్స్‌తో ఆట. కొత్త జట్టు, కొత్త జెర్సీ, ఇంకా ప్లేబుక్ పూర్తిగా వంటబట్టి ఉండదు. క్వార్టర్‌బ్యాక్ గరోపొలో పక్కకి విసిరిన బంతిని పట్టుకుని, పరిగెత్తబోతున్నట్టు కదిలి, ఆగి, 34 గజాల అవతల రిసీవర్ అయ్యుక్ చేతుల్లో పడేలా విసిరాడు. టచ్‌డౌన్. తర్వాత ఎండ్ జోన్‌లో గాల్లోకి ఎగిరి తానే పాస్ అందుకున్నాడు. అదొకటి. ఆఖర్లో గజం దూరం నుంచి దూసుకెళ్లి మూడోది. ఒకే ఆటలో విసిరి, పట్టి, పరిగెత్తి మూడు రకాలుగా టచ్‌డౌన్ చేసినవాడు 2005లో లడేనియన్ టామ్లిన్‌సన్ తర్వాత మళ్లీ ఈయనే. ఇదేనా ఒళ్లు నిలవనివాడి ఆట? పాంథర్స్ సొంతూరు షార్లెట్‌లో కూర్చుని ఆ ఆట చూసిన అభిమానులకి ఎలా ఉంటుందో పాంథర్స్ యాజమాన్యం ఒక్క క్షణమైనా ఆలోచించిందా? ఇక్కడ మన తెలుగు ఇళ్లల్లో పుట్టి పెరిగిన పిల్లలు కూడా 22వ నంబర్ జెర్సీ వేసుకుని తిరిగారు. ఆ జెర్సీ మీది పేరు ఎందుకు వెళ్లిపోయిందో వాళ్లకి సర్దిచెప్పగల కారణం నాకైతే దొరకలేదు.

ఆ తర్వాతది అందరికీ తెలిసిందే. ఆయన వచ్చిన మూడో రోజు చీఫ్స్ చేతిలో ఓడి 3-4కి పడిన జట్టు, ఆపైన వరసగా పది గెలిచింది. 2023లో ఆయన 1,459 గజాలతో లీగ్ మొత్తానికీ మొదటివాడు, 21 టచ్‌డౌన్‌లు, ఆ ఏడాది అత్యుత్తమ అఫెన్సివ్ ఆటగాడి పురస్కారం. సూపర్ బౌల్ మొదట్లో బంతి జారవిడిచాడు, నిజమే. ఆ తప్పుకి కుంగిపోకుండా అదే ఆటలో 160 గజాలు సాధించాడు. ఓవర్‌టైమ్‌లో 25-22తో ఓడారు. అంత దూరం వెళ్లి ఓడారు.

కరోలినా చేసింది సబబే అనేవాళ్లు ముందుగా తీసే పేరు హెర్షెల్ వాకర్. 1989లో డాలస్ కౌబాయ్స్ అతన్ని మిన్నెసోటాకిచ్చి కుప్పలుగా పిక్‌లు తెచ్చుకుంది, వాటితో కట్టిన జట్టు 90లలో మూడు సూపర్ బౌల్‌లు గెలిచింది, కాబట్టి రన్నింగ్ బ్యాక్‌ని అమ్మడమే తెలివి అంటారు. ఆ కథ సగంలో ఆపేస్తే ఎలా? మిన్నెసోటా నుంచి వచ్చిన పిక్‌ని వాడుకుని 1990లో కౌబాయ్స్ ముందుకు జరిగి ఎవర్ని తెచ్చుకున్నారు? ఎమిట్ స్మిత్‌ని. ఆయన రన్నింగ్ బ్యాక్! 18,355 గజాలతో లీగ్ చరిత్రలోనే అందరికన్నా ఎక్కువ పరిగెత్తినవాడు. అంటే కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ రన్నింగ్ బ్యాక్ అక్కర్లేదనుకోలేదు. ఇంకా మంచివాణ్ని తెచ్చుకున్నాడు. 1999లో కోల్ట్స్ కూడా మార్షల్ ఫాక్‌ని రెండో రౌండ్, ఐదో రౌండ్ పిక్‌లకి రామ్స్‌కిచ్చేసింది. రామ్స్ ఆ ఏడాదే సూపర్ బౌల్ గెలిచింది. అయినా కోల్ట్స్‌ని నేను తప్పుపట్టను. వాళ్లకి అప్పటికే పేటన్ మానింగ్ ఉన్నాడు, ఫాక్ స్థానంలో తెచ్చుకున్న ఎడ్జరిన్ జేమ్స్ మొదటి ఏడాదే లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గజాలు పరిగెత్తాడు. ఇచ్చేముందే రేపేం చెయ్యాలో వాళ్లకి తెలుసు.

కరోలినాకి ఏం తెలుసు? వచ్చిన రెండో రౌండ్ పిక్, 61వది, 2023 మార్చిలో షికాగో బేర్స్‌కి పోయింది. దానితోపాటు 9వ పిక్, 2024 మొదటి రౌండ్‌ది, 2025 రెండో రౌండ్‌ది, పైగా తమ మేటి రిసీవర్ డీజే మూర్! ఇన్ని పెట్టి మొదటి పిక్ కొని బ్రైస్ యంగ్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చారు. మూడో, నాలుగో రౌండ్ పిక్‌లు రెండూ పిట్స్‌బర్గ్‌కిచ్చి 80వ స్థానానికి జరిగి డీజే జాన్సన్‌ని తీసుకున్నారు. చెప్పుకోదగ్గ ఆటగాడు కాలేకపోయాడు. మెకాఫ్రీని ఇచ్చి తెచ్చుకున్న సంపద అలా హారతి కర్పూరమైంది.

ఇప్పుడా బ్రైస్ యంగ్ అవస్థ చూడండి. అయిదడుగుల పది అంగుళాల మనిషి. ముందు నిలబడి కాచేవాళ్లు కాచలేక ఆ ఏడాది 62 సార్లు బంతితో సహా నేలకూలాడు. మీదికి ఉరికొస్తున్నప్పుడు కొత్త క్వార్టర్‌బ్యాక్‌కి కావాల్సింది ఏమిటి? నాలుగైదు గజాల్లో ఖాళీగా నిలబడి, విసిరిన పాస్‌ని వదలకుండా పట్టి, దాన్ని పన్నెండు గజాలు చేసిపెట్టే మనిషి. భూమ్మీద ఆ పనిలో అందరికన్నా నేర్పరిని పట్టుమని ఆరు నెలల ముందు వీళ్లే పంపించేశారు. ఆ స్థానం కోసం మైల్స్ శాండర్స్‌కి నాలుగేళ్లకు పాతిక మిలియన్ల ఒప్పందం ఇచ్చారు. రన్నింగ్ బ్యాక్ మీద డబ్బు దండగ అన్న సిద్ధాంతం ఏమైపోయిందప్పుడు? శాండర్స్ ఆ ఏడాది 432 గజాలు పరిగెత్తాడు. జట్టు 2-15. చివరి రెండు ఆటల్లో ఒక్క పాయింటు కూడా రాలేదు. ఆ ఓటముల పుణ్యమా అని షికాగో చేతికి 2024 మొదటి పిక్ వెళ్లింది. దాంతో వాళ్లు కేలెబ్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు.

మెకాఫ్రీ వెళ్లాక 2022లోనే మరో రన్నింగ్ బ్యాక్ డాంటా ఫోర్‌మన్‌తో జట్టు బాగానే ఆడింది కదా, డెట్రాయిట్ మీద ఒకే ఆటలో 320 గజాలు పరిగెత్తింది కదా అంటారు. ఆడింది, కాదనను. 1-5 నుంచి 7-10 దాకా లేచింది. తాత్కాలిక కోచ్ స్టీవ్ విల్క్స్ ఆ కుర్రాళ్లలో పట్టుదల నింపాడు. కానీ అది ఏం చెబుతోంది? ఆ జట్టు చచ్చిపోలేదని చెబుతోంది. చచ్చిపోని జట్టులోంచి ప్రాణం లాంటివాణ్ని తీసి అమ్మాల్సిన అవసరం లేదని చెబుతోంది. పైగా అదే అక్టోబర్‌లో కరోలినా డిఫెన్స్ ఆటగాడు బ్రయన్ బర్న్స్‌కి రామ్స్ రెండు మొదటి రౌండ్ పిక్‌లు ఇవ్వజూపిందని వార్తలొచ్చాయి. వద్దన్నారు. 2024లో అదే బర్న్స్‌ని మొదటి రౌండ్ పిక్ ఒక్కటి కూడా రాకుండానే జెయింట్స్‌కి ఇచ్చారు. అమ్మకూడనివాణ్ని అమ్మి, మంచి ధర వచ్చినప్పుడు అమ్మగలిగినవాణ్ని పట్టుకుని కూర్చున్నారు.

2024లో మెకాఫ్రీ మళ్లీ గాయపడి నాలుగు ఆటలే ఆడాడు కాబట్టి కరోలినాదే ముందుచూపు అనేవాళ్లకి ఒకటే జవాబు. అమ్మిన రోజుకి ఆయన వయసు 26. ఆ గాయం వచ్చేలోగా రెండు కాన్ఫరెన్స్ ఫైనల్స్, ఒక సూపర్ బౌల్ ఆడేశాడు. ఆ కాలం అంతా కరోలినా ఒప్పందంలోనే ఉంది, ఆ ఒప్పందం రాసిచ్చింది కరోలినాయే. కోచ్‌ని తీసేశారు, జనరల్ మేనేజర్‌ని తీసేశారు, మరో కోచ్‌ని పదకొండు ఆటలకే తీసేశారు. వీటన్నిటి మీదా ఆఖరి మాట యజమాని డేవిడ్ టెపర్‌ది. షార్లెట్‌లో టికెట్ కొన్న ప్రతి మనిషికీ ఈ బేరం గురించి ఆయన నోటి నుంచే సమాధానం రావాలి.